కొత్త బెల్టు వేసినా పొద్దున్నే కుయ్యోమంటున్న జెన్: ఎక్కడ చూడాలి?

#1 జెన్‌2002 (విజయవాడ), సోమవారం ఉదయం 7:50

అందరికీ నమస్కారం. బండి 2002 మారుతి జెన్ కారు, పెట్రోలు. నాన్నగారు కొన్నది, ఇప్పుడు నేను నడుపుతున్నా. మీటరు 1,12,000 దగ్గరుంది. రోజూ ఆఫీసుకి, నెలకోసారి గుడివాడకి, అంతే వాడకం.

పొద్దున సెల్ఫ్ కొట్టగానే కీచుమని ఒకటే అరుపు. ఎదురింట్లో కుక్క లేచి మొరుగుతుంది. రెండు మూడు నిమిషాలకి దానంతటదే ఆగుతుంది. రాత్రి హెడ్‌లైట్లు వేస్తే మళ్లీ సన్నగా మొదలు. ఏసీ నొక్కితే ఇంకా గట్టిగా.

నెల కిందట మా వీధి చివర షెడ్డులో ఆల్టర్నేటర్ (బ్యాటరీని ఛార్జి చేసేది) బెల్టు మార్పించా. పది రోజులు హాయిగా ఉంది. మళ్లీ అరిచింది. తీసుకెళ్తే ఐదు నిమిషాల్లో బిగించి పంపారు. ఇంకో వారం నడిచింది. ఇప్పుడు కీచు వచ్చింది, దానితో పాటు కొత్తగా గరగరమని ఒక సౌండు కూడా. "ఆల్టర్నేటరు పోయింది సార్, మార్చేద్దాం" అంటున్నారు. అంత డబ్బు పెట్టేముందు ఇక్కడ ఒకమాట అడుగుదామని.

#2 సీమ_సవారీ (కడప)

అన్నా, దీనికి బో సులువు మందు ఉండాది. బట్టల సబ్బు ముక్క తీసుకొని బెల్టు లోపలి వైపు రుద్దు. మా నాయన అంబాసిడర్‌కి అట్లే చేసేవాడు. ఆరు నెలలు నోరెత్తలేదు ఆ బండి.

#3 పానా_పట్టినోడు (కరీంనగర్)

సీమన్నా, గా సబ్బు ముచ్చట అంబాసిడర్‌తోనే పోనియ్యి. అప్పటి బెల్టు వేరు, ఇప్పటి గీతల బెల్టు వేరు. సబ్బు, కొవ్వొత్తి, పౌడరు, స్ప్రే, ఏది కొట్టినా నాలుగు దినాలు సప్పుడు బందైతది. ఆనక గా జిగటకి దుమ్ము పట్టి గీతలల్ల కూసుంటది. బెల్టు పాడైతది, పుల్లీ గూడ పాడైతది. నా షెడ్డుకు గిట్ల సబ్బు రుద్దుకొని నెలకు ఇద్దరన్న వస్తరు. నాకు గిరాకీనే అనుకో.

జెన్ తమ్మీ, ఆల్టర్నేటర్ మార్చకు. ఆగు. ముందు సప్పుడు ఏడికెల్లి వస్తుందో తెల్వాలె.

#4 సీమ_సవారీ (కడప)

సరే సామీ, సబ్బు వాపసు తీసుకుంటా 😀

#5 డిపో_బాబాయ్ (విశాఖపట్నం)

అబ్బాయ్, నేను ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాను. బస్సు అయినా కారు అయినా బెల్టుకి తెలిసిన పని ఒకటే, పట్టుకుని తిప్పడం. పట్టు జారితే అరుస్తుంది.

నువ్వు రాసినదాంట్లోనే సగం జవాబు ఉంది, చూసుకో. పొద్దున్నే ఎందుకు అరుస్తుంది? సెల్ఫ్ కొట్టినప్పుడు బ్యాటరీలోంచి బోలెడు కరెంటు లాగుతావు. ఇంజిన్ అందుకోగానే ఆల్టర్నేటరు ఆ లోటు పూడ్చాలి. అంటే దాన్ని తిప్పడం బరువవుతుంది. ఆ బరువుకి బెల్టు జారుతుంది. బ్యాటరీ కాస్త నిండాక బరువు తగ్గి అరుపు ఆగుతుంది.

ఇక రెండోది. జెన్‌లో ఏసీ కంప్రెసరుకి వేరే బెల్టు. ఏసీ వేస్తేనే అరిస్తే అది ఏసీ బెల్టు అనుకోవచ్చు. కానీ నీకు హెడ్‌లైట్లకి కూడా అరుస్తోంది. లైట్లకీ ఏసీ బెల్టుకీ ఏటి సంబంధం? కాబట్టి అరిచేది ఆల్టర్నేటర్ బెల్టే. ఏసీ వేసినప్పుడు రేడియేటరు దగ్గర ఫ్యానూ లోపల బ్లోయరూ తిరిగి కరెంటు లాగుతాయి, అందుకని అప్పుడూ అదే అరుస్తుంది.

మరి కొత్త బెల్టు ఎందుకు జారుతోంది? అదీ ప్రశ్న. ఆ బెల్టు ఆల్టర్నేటరుతో పాటు ఇంకా దేన్ని తిప్పుతుందో నీకు తెలుసా?

#6 జెన్‌2002 (విజయవాడ)

బాబాయ్ గారూ, ఇంజిన్ తిప్పే క్రాంక్ పుల్లీ నుంచి ఆల్టర్నేటరుకి. మధ్యలో ఇంకో పుల్లీ ఉంది. వాటర్ పంపా?

#7 డిపో_బాబాయ్ (విశాఖపట్నం)

అదే, ఇంజిన్ చల్లబడేలా లోపల నీళ్లు తిప్పే పంపు. మీ షెడ్డువాళ్లు ఆల్టర్నేటరు అన్నారు గాని దాని పక్కింటి సంగతి ఎత్తలేదు. బిగించి పంపారు అన్నావు కదా, అది బాగు చెయ్యడం కాదు. నోరు మూయించడం.

#8 పానా_పట్టినోడు (కరీంనగర్)

బాబాయ్ కరెక్టు చెప్పిండు. తమ్మీ, రేపు పొద్దుగాల చల్లటి ఇంజిన్ మీద గీ పని జెయ్యి. బట్టలకు నీళ్లు కొట్టే స్ప్రే సీసా ఉంటది గదా, దాంట్ల మంచినీళ్లు పొయ్యి. బండి స్టార్టు జేసి, అరుస్తుంటె బెల్టు గీతలున్న దిక్కు రెండు సార్లు కొట్టు. దూరం నుంచి. చెయ్యి లోపల పెట్టకు.

నీళ్లు పడంగనె సప్పుడు ఇంకా గట్టిగైతే బెల్టు జారుతుంది. అంటే లూజన్న ఉన్నట్టు, లేకుంటే బెల్టు మీద ఏదో కారుతున్నట్టు. నీళ్లు పడంగనె సప్పుడు పోయి, ఆరంగనె మళ్లొస్తే పుల్లీలు ఒక లైన్ల లేవు. గది కీచు అని లాగి అరవది, పిట్ట లెక్క కిచ్ కిచ్ అంటది. రెండింటికి మందు వేరే.

ఇంకోటి. బెల్టు మీద నంబరు రాసి ఉంటది. ఉదాహరణకు 4PK అని మొదలైతే నాలుగు గీతలు, ఆ వెనుక అంకె పొడవు, మిల్లీమీటర్లల్ల. పాత దాని నంబరూ కొత్త దాని నంబరూ ఒకటేనా చూడు. పది మిల్లీమీటర్లు ఎక్కువున్నది దొరికితే గదే ఎక్కిచ్చి పంపేటోళ్లు కూడా ఉంటరు. ఆల్టర్నేటర్ బ్రాకెట్ల బోల్టు కొసకు వచ్చి ఆగితే అనుమానపడు.

#9 సర్పవరం_టీచర్ (కాకినాడ)

నాదీ పాత ఆల్టో అండీ, 800 సీసీ. శబ్దం లేదు కానీ ఈ చర్చ చదువుతుంటే భయమేస్తోంది. బెల్టు పాడైందని కంటికి ఎలా తెలుస్తుంది? మా మెకానిక్ టార్చి వేసి "పగుళ్లు లేవు మేడమ్, బాగానే ఉంది" అన్నాడు.

#10 పానా_పట్టినోడు (కరీంనగర్)

మేడమ్, పగుళ్లు చూసుడు పాత పద్ధతి. ఇప్పుడొచ్చే బెల్టులు ఈపీడీఎం అనే రబ్బరు. గవి తొందరగ పగుళ్లు పారవు. కారు టైరు లెక్క అరుగుతయి. గీతల నడుమ లోయ లోతైతది, వెడల్పైతది, బెల్టు పుల్లీల కిందికి దిగుతది. పైకి నున్నగ, మంచిగ కనిపిస్తది, పట్టు మాత్రం ఉండదు. గోరుతో గీతల నడుమ గీకి చూడుండ్రి. కొత్త బెల్టు పక్కన పెట్టి చూస్తే ఇంకా మంచిగ తెలుస్తది. అద్దం లెక్క మెరిసినా, అంచు పోగులు లేసినా, గీత ఊడినా మార్చుడే.

#11 డాలస్_డ్రైవర్ (టెక్సస్)

మధ్యలో దూరుతున్నందుకు సారీ. తెనాలివాడిని, ఇక్కడ 2005 కారోలా. దీంట్లో అన్నింటికీ కలిపి ఒకే పొడుగు బెల్టు, దాన్ని బిగించి పట్టుకునే టెన్షనరు ఉంటుంది. మనం బిగించేది ఏమీ లేదు. పోయినేడాది నాకూ గరగర వచ్చింది. ఇక్కడ షెడ్డులో బెల్టు, టెన్షనరు, వాటర్ పంపు మూడూ మార్చాలన్నారు. లేబరు లెక్క వినగానే కళ్లు తిరిగి ఇంటికొచ్చేసి నేనే చూసుకున్నా.

చేసిందేంటంటే, పొడవాటి స్క్రూడ్రైవరు ఒకటి తీసుకుని, మొన ఆల్టర్నేటరు బాడీకి ఆనించి, పిడి చెవి దగ్గర ఎముకకి ఆనించా. తర్వాత పంపు, ఏసీ కంప్రెసరు, టెన్షనరు. తిరిగే పుల్లీకి కాదండోయ్, కదలకుండా ఉండే భాగానికి మాత్రమే. మంచి బేరింగయితే వానపడ్డట్టు సన్నగా వినిపిస్తుంది. పోయినదయితే తిరగలిలో గులకరాళ్లు వేసినట్టు! నాకు టెన్షనరు దగ్గర తిరగలి దొరికింది. అదొక్కటే మార్చా.

#12 సీమ_సవారీ (కడప)

తిరగలిలో గులకరాళ్లు, బాగ చెప్పినావు. డాలస్‌లో తిరగలి ఉండాదా అన్నా?

#13 డాలస్_డ్రైవర్ (టెక్సస్)

మా అత్తగారు సూట్‌కేసులో పెట్టుకొచ్చారు. నిజం.

#14 జెన్‌2002 (విజయవాడ), బుధవారం ఉదయం 8:15

పానా అన్నా, నీళ్లు కొట్టా. అరుపు రెట్టింపయింది, మా అమ్మ పరిగెత్తుకొచ్చింది. అంటే జారుతున్నట్టు. కానీ బెల్టు చూస్తే వీణ తీగలా ఉంది, బొటనవేలితో గట్టిగా నొక్కినా కదలట్లేదు. లూజు కాదు. నంబరు పాత బిల్లు మీదదీ, బెల్టు మీదదీ ఒకటే.

స్క్రూడ్రైవరు పరీక్ష కూడా చేశా. ఆల్టర్నేటరు దగ్గర సన్నటి ఊళ. పంపు దగ్గర ఆనిస్తే చెవిలో మిక్సీ తిరిగినట్టుంది. కానీ రెండూ దగ్గర దగ్గరగా ఉన్నాయి, ఖచ్చితంగా చెప్పలేను.

#15 డిపో_బాబాయ్ (విశాఖపట్నం)

బొటనవేలికి కదలట్లేదంటే మరీ బిగించేశారు. రెండు పుల్లీల మధ్య నొక్కితే సుమారు సెంటీమీటరు లోపు దిగాలి, అంతకంటే ఎక్కువ దిగితే లూజు. అసలు దిగకపోతే ఆ బిగువంతా వెళ్లి బేరింగుల మీద పడుతుంది. ఆల్టర్నేటరు బేరింగు, పంపు బేరింగు, రెండూ పక్కకి లాగబడి చచ్చిపోతాయి.

ఇప్పుడు అసలు పరీక్ష. ఇంజిన్ చల్లబడ్డాక బ్యాటరీ నెగటివ్ తీసెయ్. రేడియేటరు ఫ్యాను కరెంటుదే, వేడిమీద తాళం తీసినా తిరగవచ్చు, వేళ్లు జాగ్రత్త. ఆల్టర్నేటరు కింద ఇరుసు బోల్టూ, పైన బ్రాకెట్ బోల్టూ వదులు చెయ్, లోపలికి తొయ్, బెల్టు తీసెయ్. తర్వాత చేత్తో రెండు పుల్లీలూ విడివిడిగా తిప్పు. తిప్పడమే కాదు, పైనా కిందా పట్టుకుని ఊపు.

అయ్యాక బ్యాటరీ తగిలించి బెల్టు లేకుండానే స్టార్టు చేసి అర నిమిషం విను. అర నిమిషమే. పంపు తిరగదు కాబట్టి నీళ్లు తిరగవు. సెల్‌ఫోను చూసుకుంటూ మర్చిపోకు.

#16 సర్పవరం_టీచర్ (కాకినాడ)

బ్యాటరీ లైటు వెలుగుతుంది కదండీ అప్పుడు?

#17 డిపో_బాబాయ్ (విశాఖపట్నం)

వెలుగుతుందమ్మా, ఛార్జింగు లేదు కదా. దానికి కంగారు పడక్కర్లేదు. రోడ్డు మీద బెల్టు తెగినప్పుడు కూడా ముందు వెలిగేది అదే లైటు. ఇలాంటి బళ్లలో ఆ లైటు వెలిగితే ఛార్జింగేగా, ఇంటికి వెళ్లాక చూద్దాం అనుకోకూడదు. అదే బెల్టు మీద పంపు కూడా ఉంది. పది నిమిషాల్లో టెంపరేచరు ముల్లు ఎర్ర గీత దాటుతుంది. ఇంజిన్ పైభాగం, అదే హెడ్డు, వంకరపోతుంది. బండి పక్కకి ఆపడమే.

చున్నీ, చీర కొంగు, లుంగీ, చేతి గడియారం, ఏదీ బోనెట్ దగ్గరికి రాకూడదు, అది కూడా చెప్పేస్తున్నా.

#18 జెన్‌2002 (విజయవాడ), ఆదివారం మధ్యాహ్నం 1:30

దొరికింది!!

బెల్టు తీసి స్టార్టు చేస్తే ఇంజిన్ చప్పుడే తప్ప ఏమీ లేదు. కీచూ లేదు, గరగరా లేదు. సగం ఊపిరి వచ్చింది, ఇంజిన్ లోపలి జబ్బు కాదని.

ఆల్టర్నేటరు పుల్లీ తిప్పితే సాఫీగా తిరిగి ఆగింది, ఊపు లేదు. పంపు పుల్లీ పట్టుకుని తిప్పితే వేళ్లకి ఇసుక తగిలినట్టు గరుకు. పైనా కిందా ఊపితే టిక్ టిక్ అని ఆడుతోంది, కంటికి కనిపించేంత. టార్చి వేసి పుల్లీ వెనక చూస్తే, పంపు బాడీ కింద నుంచి తుప్పు రంగు చార ఒకటి కిందికి కారి ఎండిపోయి ఉంది. వేలితో రాస్తే పొడిలా రాలింది. బెల్టు లోపలివైపు కూడా అదే రంగు మరక, ఆ జాగా అద్దంలా మెరుస్తోంది.

ఇంకో సంగతి ఒప్పుకోవాలి. రేడియేటరులో నాన్నగారు ఎప్పుడూ కుళాయి నీళ్లే పోసేవారు. నేనూ అదే చేశా.

#19 పానా_పట్టినోడు (కరీంనగర్)

ఇగ అయిపాయె. పంపు కింద చిన్న బెజ్జం ఉంటది, కావాలనే పెడతరు. లోపల సీలు పోతె నీళ్లు బేరింగుల చొరకుండ బయటికి కారెటందుకు. గా బెజ్జంకెల్లి తడి వస్తుందంటే సీలు పోయిందని పంపు నీకు చెప్తున్నట్టు. ఆ తడి బెల్టుకు తగిలి జారుతుంది. జారితే అరుస్తుంది. అరిస్తే వాళ్లు ఇంకింత బిగిచ్చిన్రు. బిగిస్తే బేరింగు పోయింది. గిదీ కథ.

అల్యూమినియం ఇంజిన్‌ల కుళాయి నీళ్లు పోసుడు ఆపు తమ్మీ. కూలెంటు, డిస్టిల్డ్ వాటరు సగం సగం.

#20 డిపో_బాబాయ్ (విశాఖపట్నం)

షెడ్డువాళ్లని పూర్తిగా తిట్టను. ఇరవై ఏళ్ల పంపు, ఈవేళ కాకపోతే రేపు పోయేదే. కానీ రెండోసారి అరిచినప్పుడు ఒక్కసారి పుల్లీ ఊపి చూసుంటే ఆల్టర్నేటరు మాట వచ్చేది కాదు.

#21 పానా_పట్టినోడు (కరీంనగర్)

బాబాయ్, నేనైతే తిడ్త. ఊపి చూసుడు పది సెకన్ల పని.

సరే, ఇప్పుడు ఖర్చు ముచ్చట. జెన్‌ల పంపు తీయాలంటే టైమింగ్ బెల్టు (ఇంజిన్ వాల్వులను నడిపే లోపలి బెల్టు) తీయాల్సిందే, దాని కవర్ వెనుక ఉంటది. గందుకని ఒక్క పంపు మార్చి పాత టైమింగ్ బెల్టు మళ్లేసుడు పిచ్చి పని. పంపు, టైమింగ్ బెల్టు, దాని టెన్షనరు బేరింగు, ఆయిల్ కారకుండ ఆపే క్యాం సీలు, క్రాంక్ సీలు, మొత్తం ఒక్కసారే. లేబరు ఒక్కటే సారి పడ్తది. సీలు కారి ఆయిల్ పడ్డదంటే కొత్త టైమింగ్ బెల్టు గూడ ఉబ్బి పాడైతది. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చిన్రు?

#22 జెన్‌2002 (విజయవాడ)

నాన్నగారిని అడిగా. "మార్చినట్టే గుర్తు" అన్నారు. బిల్లు లేదు.

#23 పానా_పట్టినోడు (కరీంనగర్)

బిల్లు లేకపోతె మార్చనట్టే లెక్క.

#24 కొత్తగా_చేరా (నల్గొండ)

టైమింగ్ బెల్టు తెగితే ఏమైతది? నాది ఆల్టో కే10, నేను గూడ మార్చాల్నా?

#25 డిపో_బాబాయ్ (విశాఖపట్నం)

క్రాంకు తిరుగుతుంటే దానికి తగ్గట్టు క్యాం షాఫ్టు వాల్వులు తెరిచి మూయాలి. ఆ రెండింటినీ కలిపి ఉంచేది టైమింగ్ బెల్టు. తెగితే ఇంజిన్ టక్కున ఆగిపోతుంది. కొన్ని ఇంజిన్లలో అంతటితో సరి. కొన్నింట్లో తెరిచి ఉన్న వాల్వుని పిస్టను వచ్చి కొడుతుంది, వాల్వులు వంగిపోతాయి, హెడ్డు దింపాలి. మనది ఏ రకమో తెలుసుకోవడానికి తెంపుకుని చూడక్కర్లేదు.

కే10లో బెల్టు కాదు బాబూ, గొలుసు. టైమింగ్ చైను. ఆయిలు టైముకి మారుస్తూ ఉండు, చాలు. కానీ బయట ఆల్టర్నేటరు బెల్టు నీకూ ఉంది, అది చూసుకో.

#26 జెన్‌2002 (విజయవాడ), శనివారం రాత్రి 10:05

ఈవేళ ఆటోనగర్‌లో చేయించా. పక్కనే స్టూలేసుకుని కూర్చున్నా, పెద్దాయన విసుక్కోలేదు. సామాను నేనే కొనుక్కెళ్లా, డబ్బాల మీద హోలోగ్రామూ ఎంఆర్‌పీ స్టిక్కరూ చూసి మరీ.

మీకు చెప్పాల్సింది ఒకటి ఉంది. పాత టైమింగ్ బెల్టు తీసేముందు ఆయన వైట్‌నర్ సీసాతో క్యాం పుల్లీ మీదా క్రాంకు పుల్లీ మీదా గుర్తులకి తెల్ల చుక్కలు పెట్టారు. కొత్త బెల్టు ఎక్కించాక స్పార్క్ ప్లగ్గులు తీసేసి, పానాతో క్రాంకుని చేత్తోనే రెండు పూర్తి చుట్లు తిప్పారు. ఎందుకని అడిగా. క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యాం ఒక చుట్టు తిరిగి గుర్తులు మళ్లీ ఎదురెదురుగా రావాలట. చూస్తే క్యాం చుక్క ఒక పన్ను పక్కకి ఉంది! ఆయన ఏమీ అనలేదు. టెన్షనరు వదులు చేసి, ఒక పన్ను జరిపి, మళ్లీ రెండు చుట్లు. ఈసారి సరిపోయింది. అప్పుడుగాని తాళం ముట్టుకోనివ్వలేదు. మా వీధి షెడ్డులో అయితే నేరుగా సెల్ఫ్ కొట్టేవారేమో.

పాత టైమింగ్ బెల్టు చేతిలో పట్టుకుంటే పళ్ల మొదట్లో సన్నటి చీలికలు. వెనక్కి మడిస్తే నోరు తెరుచుకున్నాయి.

#27 పానా_పట్టినోడు (కరీంనగర్)

గా పెద్దమనిషికి దండం పెట్టు. చుట్లు తిప్పేటప్పుడు ఇంజిన్ తిరిగే దిక్కుకే తిప్పాలె, ఉల్టా తిప్పద్దు. చానా బండ్లు పుల్లీ దిక్కు నుంచి చూస్తే గడియారం ముళ్ల లెక్క తిరుగుతయి. మొదటి తరం హోండా సిటీ మాత్రం ఉల్టా. అలవాటు మీద తిప్పి ఆగమైనోళ్లను చూసిన.

#28 డాలస్_డ్రైవర్ (టెక్సస్)

ఆల్టర్నేటరు బెల్టు కొత్తదే వేశారా? మరకపడ్డది మళ్లీ ఎక్కించలేదు కదా?

#29 జెన్‌2002 (విజయవాడ)

కొత్తదే. పుల్లీల గాళ్లలో పట్టిన ఆ తుప్పు పొడి కూడా బ్రష్షుతో తోమారు. మల్టీమీటరు పెట్టి చూపించారు, లైట్లూ బ్లోయరూ వేసినా 14 వోల్టుల దగ్గర నిలబడింది. ఆల్టర్నేటరు బంగారంలా ఉంది. దాన్ని మార్చి ఉంటే డబ్బూ పోయేది, అరుపూ ఉండేది.

#30 సర్పవరం_టీచర్ (కాకినాడ)

నేను కూడా మా ఆల్టో పంపు పుల్లీ ఊపి చూశానండీ. కదల్లేదు. కానీ బెల్టు గీతల మధ్య గోరు బాగా లోతుకి దిగింది. వచ్చేవారం మార్పిస్తున్నా. మెకానిక్‌తో "పగుళ్లు కాదు, అరుగుదల చూడు" అంటే నావైపు వింతగా చూశాడు.

ఇంకొక్క సందేహం. స్టార్టు చేయగానే పైన టకటకమని వస్తే అది కూడా బెల్టేనా?

#31 డిపో_బాబాయ్ (విశాఖపట్నం)

కాదమ్మా. టకటక పైనుంచి వస్తే ముందు డిప్‌స్టిక్ తీసి ఆయిలు లెవెలు చూడు. ఉంటే వాల్వుల దగ్గరి ట్యాపెట్లు సరిచేయించుకోవాలి. అదే శబ్దం కింద నుంచి, బరువుగా, సుత్తితో కొట్టినట్టు, రేసు ఇస్తే పెరుగుతూ వస్తే మాత్రం బండి కదపకు, తాడు కట్టి లాగించుకో. దాని గురించి విడిగా ఒక చర్చ మొదలుపెట్టు, మాట్లాడుకుందాం.

జెన్ అబ్బాయ్, కొత్త బెల్టు మొదట్లో కాస్త సాగుతుంది. ఐదారు వందల కిలోమీటర్లు తిరిగాక టెన్షన్ ఒకసారి చూసుకో.

#32 జెన్‌2002 (విజయవాడ), మూడు వారాల తర్వాత

గుడివాడ రెండుసార్లు వెళ్లొచ్చా, 540 కిలోమీటర్లు. పొద్దున చల్లటి ఇంజిన్ మీద బొటనవేలితో నొక్కి చూశా. సెంటీమీటరు లోపే దిగింది. పంపు కింద పొడిగా ఉంది. పానా డిక్కీలోనే ఉంచేశా.